టిప్పులమ్మ బొటనగోరు

స్నూకర్ హాల్లో కిటికీ పక్కన కూర్చునే ఆమెను అందరూ టిప్పులమ్మ అంటారు. బంతిని కొట్టే క్యూ కర్ర కొసన అంటించే తోలు బిళ్లను, అంటే టిప్పును, మార్చడం ఆమె పని. కర్ర ఎవరిదైనా సరే, ముందు కొసను వెలుతురుకేసి తిప్పి చూస్తుంది, తర్వాత బొటనగోటితో నొక్కుతుంది. గోటి గాటు పడితే ఇంకొన్నాళ్లు ఆడుకోమంటుంది. బిళ్ల అద్దంలా మెరుస్తూ, గోరు దిగనివ్వకపోతే మాత్రం మార్చాల్సిందే.

ఒక మధ్యాహ్నం, ఏళ్ల తరబడి అక్కడ ఆడుతున్న డ్రాయింగు మాస్టారు వచ్చి తన కర్రను ఆమె ముందు పెట్టాడు.

"ఎవరికైనా ఇచ్చెయ్యమ్మా. కొట్టినప్పుడల్లా బంతిమీంచి జారిపోతోంది. నా చెయ్యి పోయింది. బొమ్మలు గీయడం కూడా మానేశాను."

ఆమె అలవాటుగా గోటితో నొక్కింది. గోరు దిగలేదు. "బంతిమీంచి జారకుండా రుద్దే సుద్ద దీనిమీద నిలుస్తోందా?"

"ఎక్కడ? ఎంత రుద్దినా రాలిపోతోంది."

"మరి చేతినెందుకండీ ఆడిపోసుకుంటారు? తోలు రాయైపోతేనూ!"

పాత బిళ్ల ఊడదీసి, కొత్తది అంటించి, జిగురు ఆరాక అంచులు చెక్కి ఇచ్చింది. మాస్టారు వంగి కొట్టాడు. తెల్ల బంతి ఎర్ర బంతిని తాకి, బుద్ధిగా వెనక్కి దొర్లుకుంటూ వచ్చింది. ఆయన తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"నెల్లాళ్లుగా దీన్ని తిట్టని పూట లేదమ్మా" అన్నాడు సిగ్గుపడుతూ.