రోడ్డుపాలు కాని నెత్తళ్లు

"గంపలన్నీ రోడ్డుమీద పొయ్యండవ్వా, అప్పుడే గవర్నమెంటుకి కనపడతాది," అన్నాడు ప్రతిపక్ష నాయకుడు.

"తినే నెత్తళ్లను లారీల కింద పోస్తానా? మీ ఇంట్లో బియ్యం తెచ్చి పోసుకో పో, అబ్బయా!" అన్నాను.

మేం నెత్తళ్లలాంటి చిన్నచేపలు ఎండబెట్టి అమ్ముకుని బతికే ఆడవాళ్లం. హార్బరు గట్టుమీద చేపలు ఎండబెట్టకూడదని ప్రభుత్వం కొత్త రూలు పెట్టి, గేటుకు తాళం వేయించింది. మా తరఫున ధర్నా చేయడానికి ఆయన వచ్చాడు.

"అయితే ఏం చేద్దామో నువ్వే చెప్పవ్వా."

"హార్బరు ఆఫీసు వాకిట్లో ఎండబెడదాం. ముక్కులుంటే వాళ్లకే తెలిసొస్తాది."

ఆయన నవ్వి, నా గంప తన నెత్తికెత్తుకున్నాడు. తెల్లచొక్కా మీద చేపల నీళ్లు కారుతున్నా దించలేదు. ఆఫీసు వాకిట్లో చేపలు పరిచాక, సాయంత్రందాకా మాతోపాటే కూర్చుని అధికారులతో వాదించాడు. ఓట్ల కోసమే అన్నారు కొందరు. కావచ్చు. నాలాంటి ముసలిదాని మాట విని తన మాట మార్చుకున్నాడు, అది నేను మరచిపోలేను.

మరునాడు పొద్దున గేటు తీశారు. మేం గట్టుమీద నెత్తళ్లు పరిచాం.