మూడో ట్యాంకు అడుగున నీళ్లు

ట్యాంకు అడుగున నీళ్లున్నాయని రాసినందుకు మా మేనమామను గేటు బయట నిలబెట్టారు. ఆ నీళ్లను దాచినవాళ్లు ఇప్పటికీ అవే కుర్చీల్లో ఉన్నారు.

రేవు పక్కన ప్రభుత్వ డీజిల్ డిపోలో ఆయన ఇరవై ఆరేళ్లు కొలతల పని చేశాడు. ఇనుప మెట్లెక్కి, ట్యాంకు మూత తీసి, ఇత్తడి గుండు కట్టిన టేపును అడుగు దాకా వదలాలి. నీళ్లు బరువు కనుక డీజిల్ కిందికి చేరతాయి. అందుకే టేపుకు కొస నుంచి కొన్ని మీటర్ల మేర ఒక పేస్టు పూస్తారు. నీళ్లు తగిలినంత మేరా అది ఎర్రబడుతుంది. పూయకపోతే తడిసినదంతా డీజిలే. తక్కినవాళ్లు పూయడం ఎప్పుడో మానేశారు. మామయ్య మానలేదు.

“ఆ పేస్టేదో కాస్త ఇంటికి తెండి, పాలవాడి సంగతి తేలుస్తాను” అనేది అత్తయ్య.

ఆయన పనిలో చేరిన ఇరవయ్యారో ఏట సముద్రం మీద యుద్ధం వచ్చి ఓడల దారి మూసుకుపోయింది. మనం కాల్చే ప్రతి చుక్కా ఓడ దిగాల్సిందే. ఎరువు సొమ్ము బరువు చేటని ఎవరికి తెలియదు? గాలిమరల ప్రణాళిక మాత్రం పదిహేనేళ్లుగా బీరువాలో నిద్రపోతోంది. “అరవై రోజుల నిల్వ ఉంది” అని మంత్రి గుండెమీద చెయ్యేసుకుని చెప్పాడు. నిల్వ సరిచూడమని డిపోకు ఆదేశం వచ్చింది.

మామయ్య మూడో ట్యాంకు కొలిచాడు. ఆరు మీటర్లలో రెండు మీటర్లు ఎరుపే.

“ఏమయ్యా, ఆ పేస్టు పూయకుండా కొలవలేవా?” అన్నాడు మేనేజరు.

“పూయకపోతే సముద్రం కూడా డీజిలే సార్.”

“వేళాకోళాలొద్దు. కొట్టేసి మళ్లీ రాయి.”

రాయలేదు. జనంలో భయం రేపుతున్నాడని మర్నాడే సస్పెండ్ చేశారు.

నలభయ్యో రోజున మూడో ట్యాంకు నీళ్లు కక్కింది. బస్సులు నడిరోడ్డు మీద ఆగిపోయాయి. ఆస్పత్రి జనరేటరు నీళ్లు మింగి చచ్చిపోయింది. విచారణ సంఘం వచ్చింది, టీ తాగింది, తీర్పు రాసింది: నీళ్లు చేరడానికి కొలతల ఉద్యోగి అజాగ్రత్తే కారణం! దొంగే దొంగా దొంగా అని అరవడమంటే ఇదే. దేశమంతటిలో పేస్టు పూసిన ఒక్కడూ నేరస్థుడయ్యాడు.

తర్వాత ఓడలొచ్చాయి, జనం మరిచిపోయారు. ఇంకా పెద్ద ట్యాంకులకు మంత్రి పునాదిరాయి వేశాడు. వాటిలో పోసేదీ ఓడ సరుకే.

ఈమధ్య మేనేజరు ఒక కాగితం పంపాడు. తప్పు తనదేనని మామయ్య ఒప్పుకుంటే ఉద్యోగం తిరిగి ఇస్తారట. నేను వెళ్లేసరికి ఆ కాగితం బల్ల మీద గ్లాసు కింద ఉంది.

“ఒక్క సంతకానికి మీ చెయ్యి అరిగిపోతుందా?” అంటోంది అత్తయ్య.

మామయ్య నావైపు తిరిగాడు.

“ఓడలు మళ్లీ ఆగుతాయిరా. ఆ రోజు ఇంకొకడెవడో నీళ్లున్నాయంటాడు. వాడి నోరు మూయించడానికి నా సంతకమే చూపిస్తారు. నేను పెట్టను.”