కవరు కింద బకిల్

2008 నవంబరు 14, శుక్రవారం. గల్ఫ్‌లో, ఘాలా అనే చోట మా కంపెనీ గ్యారేజీ. ఉన్నవాళ్లు: బండ్ల బాధ్యత చూసే నేను, కడప డ్రైవరు, పదకొండేళ్లుగా నా రూమ్‌లోనే ఉంటున్న స్టోర్‌కీపరు.

కొత్త కారు సీట్లు మాసిపోకూడదని ఆ ఉదయమే నేను దగ్గరుండి కవర్లు వేయించాను. మర్నాడు స్టోర్‌కీపరు ఆ కారులోనే బహ్లా సైట్‌కు వెళ్లాలి.

"ఎయిర్‌బ్యాగులున్నాయి, నాకదే ధైర్యం" అన్నాడు స్టోర్‌కీపరు.

"బ్యాగులదేముంది సార్, తోలేవోడు జాగర్తగా ఉండాల. ఇరవై ఏండ్లలో నా బండికి ఒక్క గీత పడలే" అన్నాడు డ్రైవరు.

స్టోర్‌కీపరు వెనక సీట్లో కూర్చుని చేత్తో తడిమాడు.

"బావగారూ, మీ కవర్లు బెల్టు బకిళ్లని మింగేశాయండీ!"

ముగ్గురం నవ్వాం. బకిళ్లు పైకి తీయాలంటే కవర్లన్నీ విప్పాలి.

"తోలేది ఇతనైతే నీకు బెల్టెందుకు? తిరిగొచ్చాక తీయిస్తాలే" అన్నాను.

మర్నాడు పొద్దున బహ్లా దారిలో కారుకు ఒంటె అడ్డం వచ్చింది. డ్రైవరు నెమ్మదిగానే నడుపుతున్నాడు. దాన్ని తప్పించబోతే కారు రాతిగట్టుకు కొట్టుకుంది. ఎయిర్‌బ్యాగులు ముందున్న అతన్ని కాపాడాయి. వెనకున్న నా మిత్రుడు ఎగిరి ముందు సీటుకు గుద్దుకుని అక్కడే చనిపోయాడు.

నేను వెళ్లేసరికి డ్రైవరు రోడ్డు పక్కన కూర్చుని, "నేను స్పీడు పోలే సార్" అని మళ్లీ మళ్లీ అంటున్నాడు. వెనక తలుపు తెరిచి, కవరు కుట్లు తెంపాను. బకిల్ కొత్తగా మెరుస్తూ బయటపడింది.