తడి ఆకు

మొన్న మదనపల్లెలో, మా మనవరాలి కాలేజీ వాళ్లు మహిళా దినోత్సవానికి నన్ను పిలిచి పట్టు శాలువా కప్పారు. సమానత్వం గురించి పది నిమిషాలు మాట్లాడమంటే మాట్లాడాను. చప్పట్లు కూడా కొట్టారు. ఇంటికొచ్చి శాలువా మడతపెడుతుంటే చిన్నత్త గుర్తొచ్చి, నా మీద నాకే ఒళ్లు మండింది.

చిన్నత్త మా నాన్న చెల్లెలు. పుంగనూరు దగ్గర పల్లెలో పట్టుపురుగులు సాకేది. వెంట్రుకంత పురుగు గూడు కట్టేదాకా ఆమెకు వేరే లోకం లేదు. మామకు పురుగు తల ఎటో తోక ఎటో తెలియదన్న సంగతి ఊరందరికీ తెలుసు, ఆయనకు తప్ప. అలాంటిది పట్టుశాఖ వాళ్లు కుప్పంలో పది రోజుల శిక్షణ పెడితే, పొలం ఆయన పేరున ఉందని పిలుపు ఆయనకే వచ్చింది. “సాకేది నేనప్పా, నేర్పిచ్చేదేదో నాకే నేర్పిచ్చండి” అని అత్త ఆఫీసరును అడిగింది. ఆయన నవ్వి, “ఇంట్లో మొగోడుండాడు కదమ్మా” అన్నాడు. మామ వెళ్లి ఒక సర్టిఫికెట్టుతో తిరిగొచ్చి, దానికి ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించాడు. పది రోజులు ఏం నేర్చుకున్నాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అది అంతర్జాతీయ మహిళా సంవత్సరం. నాకు పన్నెండేళ్లు, సెలవులకు వెళ్లాను. పురుగులు గూడు కట్టబోయే ముందు రేయింబవళ్లు తింటాయి. సరిగ్గా అప్పుడే అత్త బయట చేరింది. ఆ మూడు రోజులు ఆడది పురుగుల గది గడప తొక్కితే మైల తగిలి పురుగులు చస్తాయని అక్కడి నమ్మకం. పొద్దున వాన పడింది. నేనూ మామా మల్బరీ ఆకు కోసుకొచ్చాం. అరుగు మీద నుంచే అత్త మొత్తుకుంది: “ఆకు తడిగా ఉండాది, ఆరినంక ఎయ్యాల.” మామ వెనక్కి తిరక్కుండానే, “ట్రైనింగుకు పొయ్యొచ్చింది నువ్వా, నేనా?” అన్నాడు. నేనూ ఆయనతో పాటు గుప్పెళ్లతో తడి ఆకు చల్లాను. రేడియోలో ఎవరో ఆవిడ ప్రపంచ దేశాల స్త్రీల హక్కుల గురించి చక్కటి తెలుగులో చెబుతోంది. మామ రేడియో ఆపలేదు, వినలేదు.

మూడో రోజుకు పురుగులు మెత్తబడి నల్లబడ్డాయి. తట్టలన్నీ దిబ్బలో పారబోశారు. అత్త వాళ్ల అత్తగారు తీర్పు చెప్పింది: “గడప తొక్కింటాది. ఇది మైలే.”

“నేను తొక్కలేదు. తడాకు ఏసినారు. ఈ పాప ఆడే ఉండింది, అడగండి” అంది అత్త.

అందరూ నా వైపు చూశారు. మామ కూడా చూశాడు. “నాకు తెలీదు” అన్నాను.

తర్వాతి పంట నుంచి ఆ మూడు రోజులూ అత్తకు అరుగు కూడా లేకుండా పోయింది. ఊరి చివర పశువుల కొట్టంలో పడుకోబెట్టేవారు. మిగతా రోజులన్నీ ఆమె చాకిరీ చేస్తే గూళ్లు బాగా పండేవి. జనం వచ్చి మామను మెచ్చుకుని, ఆ సర్టిఫికెట్టు చూసి పోయేవారు.

పదేళ్ల తర్వాత, నా పెళ్లికి వచ్చినప్పుడు ఆమెకు చెప్పాను. “తడాకు నేను గూడా ఏసినానత్తా.”

ఆమె నా జడలో పూలు సర్దుతూనే ఉంది. “నాకు తెలుసు పాపా. ఆ పొద్దు సెప్పింటే బాగుండు.”

పన్నెండేళ్లప్పుడు “తడిగా ఉండింది” అన్న రెండు మాటలు చాలేవి. ఇన్నేళ్లు పోయాక పది నిమిషాలు మైకులో మాట్లాడినా, ఆ రెండు మాటలకు సరిపోలేదు.