రమణయ్య సార్ ఇంటి రాతి పట్టీ

ఆత్మకూరులో మా వంటింటి గోడకు రాతి పలకలు అంటిస్తున్నాను. ఇవి బండలు కావు. అసలు రాతినే అట్టంత పలచగా చీల్చి, వెనక జిగురు పూసి, ఆ జిగురు మీద కాగితం కప్పి అమ్ముతున్నారు. కాగితం ఒలిచి గోడకు నొక్కితే పని అయిపోతుంది. మొదటి పలక కాగితం ఒలవగానే ఘాటుగా జిగురు వాసన వచ్చింది. ఉదయగిరిలో రమణయ్య సార్ ఇంటి వసారా, నేలంతా పరిచిన పలకలు, వాటి మధ్య లుంగీ ఎగగట్టి నిలబడ్డ సార్, ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చారు.

సార్ మా పత్రిక ఆత్మకూరు కార్యాలయానికి పెద్ద. నాకు వార్త రాయడం నేర్పింది ఆయనే. కొత్తలో నేను సోమశిల ప్రాజెక్టు ముంపు కుటుంబాల కాలనీకి వెళ్ళి, అక్కడి నీళ్ళ కరువు మీద రెండు పేజీలు రాసి తెచ్చాను. ఎండిన గొంతులు, పగిలిన గుండెలు, అన్నీ ఉన్నాయి అందులో. సార్ చదివి కళ్ళద్దాలు తీశారు. "బాగా ఏడ్చినావురా. ఇది ఎవురు చదవాల?" అన్నారు. అందరూ అన్నాను. "అందరూ అంటే ఎవురూ కాదు. నీళ్ళు లేవని ఆ కాలనీ వాళ్ళకి నువ్వు చెప్పాల్నా? ట్యాంకరు పంపాల్సినోడు చదవాల. ఏ వీధిలో బోరు చెడింది, ఎప్పటినుంచి చెడింది, అది రాయి. గుండెలు తర్వాత పగలగొడుదువులే." మళ్ళీ రాశాను. పావు పేజీకి వచ్చింది. ఆయన పేజీ కూర్చడంలో ఇంకా పట్టుదల మనిషి. ఒకే ఎత్తున రెండు శీర్షికలు పక్కపక్కన పడితే భోజనం కూడా సయించేది కాదు.

ఉద్యోగం మానేశాక సార్ ఉదయగిరిలో స్థిరపడ్డారు. అప్పటికే ఆయన భార్య సుశీలమ్మకు నీటికాసులు వచ్చి చూపు సన్నగిల్లుతోంది. కొన్నాళ్ళకు వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియకుండా పోయింది. అయినా వంట మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఒకరోజు గోడ అనుకుని పొయ్యి మీది గిన్నెను పట్టుకుంది. అరచెయ్యి కాలింది. పరామర్శకు నేను వెళ్ళేసరికి ఇద్దరూ వాదులాడుకుంటున్నారు.

"వంటమనిషిని పెడదాం అంటే ఇనదురా ఈమె," అన్నారు సార్.

"పెట్టండి. నన్ను మంచం కోడుకి కట్టేసి పెట్టండి," అంది సుశీలమ్మ. "అబ్బయ్యా, నువ్వు చెప్పు. కళ్ళు పోతే చేతులు కూడా పోయినట్టేనా?"

సార్ లేచి మంచం నుంచి పొయ్యి దాకా అడుగులు వేసి లెక్కపెట్టారు. ఆయన లెక్కలు మొదలుపెడితే ఏదో పథకం తయారవుతోందని మాకు తెలుసు. వారం తిరక్కుండా ఫోను చేశారు. "నెల్లూరు నుంచి రాతి పలకలు తెప్పించినాను. మంచం కాడినుంచి పొయ్యి గట్టు దాకా గోడ పొడుగునా నడుమెత్తున ఒక పట్టీ అంటిద్దాం. చెయ్యి దానిమీద వేసుకుని పోతాది. ఇది కుదరకపోతే మాత్రం పొయ్యి మాన్పించేదే. ఈసారి నేను ఇనేది లేదు." ఆ షరతు సుశీలమ్మ కూడా ఒప్పుకుంది.

ఆదివారం పొద్దున వెళ్ళాను. సార్ పలకలన్నిటినీ వసారాలో పేజీ కూర్చినట్టే పరిచి ఉంచారు. నల్లదాని పక్కన బూడిదరంగుది, దాని పక్కన తేనెరంగుది. ఒకే రంగు రెండు పక్కపక్కన పడకూడదు. నేను పొరపాటున ఒకటి అటుదిటు పెడితే, "ఏందిరా అది, బుద్ధి ఉండాదా!" అని పాతరోజుల్లోలాగే అరిచారు. కాగితాలు ఒలిచి అంటించాం. అప్పడాల కర్రతో నొక్కాం. సాయంత్రానికి పట్టీ మెరిసిపోయింది. పక్కింటి మస్తానయ్య వచ్చి చూసి, "సార్, హోటలు మాదిరి ఉండాది" అన్నాడు. సార్ ఆ సంతోషంలో రెండోసారి కాఫీ అడిగి తాగారు.

తెల్లారి లేచి చూస్తే సగం పలకలు నేలమీద ఉన్నాయి. ఏటా ఉగాదికి ముందు సున్నం కొట్టించే ఇల్లు అది. పాత పొర గీకే అలవాటు మా వైపు ఎవరికుంది? పలకలు గోడను పట్టుకోలేదు, సున్నాన్ని పట్టుకున్నాయి. ఒక్కో పలక వెనక పెచ్చులు అంటుకుని వచ్చాయి. తెలుపు, దాని కింద నీలం, ఇంకా కింద పసుపు. "మన ఉగాదులన్నీ ఊడొచ్చినాయిరా," అన్నారు సార్. నవ్వలేదు. పొయ్యి సంగతి ఆయన ఎత్తుతారని నేను భయపడ్డాను.

సుశీలమ్మ వచ్చి నేలమీద కూర్చుంది. పలకలను ఒక్కొక్కటే కట్టు లేని చేత్తో తడిమింది. "గోడ గీకి మళ్ళీ అంటించండి. కానీ నిన్న కూడా ఇది నాకు కుదర్లా," అంది.

"ఏం, బాగలేదా?" అన్నారు సార్.

"చూసేవాళ్ళకి బాగుండాదేమో. చేతికి అంతా ఒకటే గరుకు. వాకిలి ఎక్కడొచ్చిందో, పొయ్యి ఎప్పుడు దగ్గర పడిందో నాకెట్టా తెలిసేది?"

సార్ ఆమె వేళ్ళకేసే చూశారు. తర్వాత పలకలన్నీ తెచ్చి ఆమె ముందు పోశారు. "నువ్వే పెట్టు," అన్నారు.

నేనూ ఆయనా గోడ గీకి, కడిగి, ఆరబెట్టి, ప్రైమరు పూసే రెండు రోజుల్లో ఆమె పలకలు ఏరి పెట్టుకుంది. నున్ననివి నడిచే దోవకు. గరుకువి వాకిలి దగ్గరకు. మరీ మొరటువి చివరకు, పొయ్యికి మూరెడు ఇవతల. అక్కడ పట్టీ ఆగిపోవాలి, చెయ్యి తీసెయ్యాలి. రంగులు ఎట్లా పడితే అట్లా పడ్డాయి. ఒకచోట నాలుగు నల్లవి వరసగా వచ్చాయి. సార్ చెయ్యి రెండుసార్లు ముందుకు వెళ్ళి వెనక్కి వచ్చింది. ఇంకొకరు కూర్చిన పేజీని ఏమీ మార్చకుండా ఆయన వదిలెయ్యడం నేను చూసింది ఆ ఒక్కసారే. మస్తానయ్య మళ్ళీ వచ్చి, "ఇదేంది సార్, బొంత మాదిరి?" అన్నాడు. "నిన్నెవుర్రా చూడమన్నది?" అన్నారు సార్. మర్నాడు సుశీలమ్మ ఒంటరిగా పొయ్యి దాకా వెళ్ళి, చింతపండు చారు కాచి, మా ఇద్దరికీ అన్నం పెట్టింది. పొయ్యి మాన్పించే మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు.

పోయినేడు సార్ పోయారు. కర్మలన్నీ అయిన మర్నాడు నేను ఉదయగిరిలోనే ఉన్నాను. ఇంటినిండా చుట్టాలు. సుశీలమ్మ మంచం మీదినుంచి లేచింది. కాఫీ పెడతానంది. ఇద్దరు ఆడవాళ్ళు గబగబా వచ్చి చెరో రెక్కా పట్టుకున్నారు. నేనూ చెయ్యి చాచాను.

"వదలండమ్మా," అంది ఆమె. "గోడ ఉండాది."

వదిలారు. ఆమె చెయ్యి గోడమీద ఆనింది. నున్నటి పలకల మీద మెల్లగా జరిగింది, వాకిలి దగ్గర ఒక క్షణం నిలిచింది, చివరి మొరటు రాయి తగలగానే గోడను వదిలింది. పొయ్యి వెలిగిన చప్పుడు మా అందరికీ వినిపించింది.

ఆయన నేర్పినట్టు వార్తలు చాలా రాశాను, చాలా మరిచిపోయాను. ఇప్పుడు మాత్రం ఎవరికైనా సాయం చేద్దామని చెయ్యి చాచినప్పుడు, అది సగం దూరంలో తనంతట తనే ఆగుతుంది. ముందు అడుగుతాను.