పులి మళ్లీ వస్తుందని నాకు తెలుసు

నా సర్వీసులో చివరి పోస్టింగు అనంతపురం వైపు పడింది. జులై మొదట్లో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసరుగా చార్జి తీసుకున్నాను. అంతకుముందు ఏళ్ల తరబడి నల్లమలలో పులుల వెంట తిరిగినవాణ్ణి. ఈ బోడిగుట్టలు, వేరుశనగ చేలు చూసి, ఇక్కడ చిరుతలు, ఎలుగుబంట్లు తప్ప నాకు పని చెప్పేవేవీ లేవనుకున్నాను. విశ్రాంతికి పంపారని తోటివాళ్లు ఎగతాళి కూడా చేశారు.

పదిహేను రోజులు తిరగకముందే బత్తలపల్లె అవతల గుట్ట కింద ఒక ఎద్దును ఏదో చంపిందని బీట్ ఆఫీసరు ఫోన్ చేశాడు. అడవిలో ఒక ముక్కకు కాపలా ఉండేవాడే బీట్ ఆఫీసరు. ఎద్దు కుళ్లాయప్ప అనే రైతుది. వాన పడి రెండు రోజులైంది. ఆ నేలలో పదును ఆరేలోపు, అంటే నాలుగైదు రోజుల్లో, వేరుశనగ విత్తకపోతే ఏడాది పోయినట్టే. కుళ్లాయప్పకు ఉన్నది ఒక్క జత, అందులో ఒకటి పోయింది. పక్క చేను ఆసామికి ఉన్నది ఒంటెద్దే. ఇద్దరివీ ఒకే కాడికి కట్టి, ముందు ఒకరి చేను, తర్వాత ఇంకొకరిది విత్తుకుందామని అప్పటికే మాట్లాడుకున్నారు.

కళేబరం దగ్గర వంగి చూశాను. చిరుతయితే పొట్ట వైపు తినడం మొదలుపెడుతుంది. ఇది తొడల దగ్గర మొదలుపెట్టింది. పక్కనున్న వంక ఇసుకలో పడ్డ అడుగు నా అరచేయంత ఉంది. పులే.

పులి ఒంటరి జంతువు. మగది చెట్ల మీద మూత్రం చిమ్మి, గోళ్లతో గీరి తన హద్దు చాటుకుంటుంది. పిల్లలు రెండేళ్ల దాకా తల్లితో తిరుగుతాయి. ఆ తర్వాత మగపిల్లకు అక్కడ చోటుండదు, పెద్ద మగది తరిమేస్తుంది. సొంత అడవి వెతుక్కుంటూ గుట్టలు, వాగుల వెంట రోజుల తరబడి నడుస్తుంది. ఇది అలా వచ్చిందే. పులి దూకిన ప్రతిసారీ వేట దొరకదు, చాలాసార్లు కడుపు మాడాల్సిందే. అందుకే దొరికినదాన్ని వదలదు. తిని, నీళ్లు తాగి, దగ్గర్లోనే పడుకుని, అయిపోయేదాకా మళ్లీ మళ్లీ వస్తుంది.

మా శాఖలో ఒక అలవాటుంది. పులి ఎక్కడుందో బయట చెప్పం, వేటగాళ్ల చెవిన పడుతుందని. పైగా ఊళ్లో ఇద్దరు అప్పటికే పురుగుమందు డబ్బా పట్టుకొచ్చి కళేబరం మీద పోస్తామంటున్నారు. రిటైర్మెంటు ముంగిట నా రేంజిలో పులి చస్తే విచారణ తప్పదు. ఆ భయమూ ఉందని ఒప్పుకుంటాను. పశువైద్యుడి సర్టిఫికెట్, సాక్షుల ముందు రాసే పంచనామా పూర్తికాగానే జేసీబీ పిలిపించి ఎద్దును లోతుగా పూడ్పించాను.

అదేం జంతువని కుళ్లాయప్ప అడిగాడు. చిరుత కావచ్చు, ఈపాటికి పోయి ఉంటుందన్నాను.

"అట్లయితే రెండోదాన్ని ఈ రాత్రికి చేన్లోనే కట్టేస్తా సార్. తెల్లారేపాటికి విత్తనం ఏయాల," అన్నాడు.

నేను అడ్డు చెప్పలేదు. జీపెక్కి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే మళ్లీ ఫోన్. గొయ్యి మీది మట్టంతా గీరి ఉంది. దానికి కొంచెం దూరంలో రెండో ఎద్దు పడి ఉంది. కుళ్లాయప్ప తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"అది మళ్లా వస్తాదని మీకు తెల్దా సార్?" అని అడిగాడు.

తెలుసన్నాను. అది చిరుత కాదు, పులి అని కూడా చెప్పాను. నా సర్వీసులో అంత సిగ్గుపడిన రోజు లేదు.

మందు డబ్బావాళ్లు మళ్లీ వచ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు అందరికీ విడమరిచి చెప్పాను. ఇది దారిన పోయే పులి, నీళ్లూ జతా లేని ఈ గుట్టల్లో నిలవదు, కడుపు నిండితే వెళ్లిపోతుంది, కళేబరం తీసేస్తే ఇంకో పశువును వెతుక్కుంటుంది, పశువులన్నిటినీ పొద్దుండగానే ఊళ్లోకి తోలండి అన్నాను. వాళ్లు వినేలా లేరు. కుళ్లాయప్పే లేచి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమప్పా, నావి పోయింది చాల్దా? మందు పెడితే ఊరి కుక్కలు గూడా సస్తాయి. దీన్ని తీసేస్తే రేపు మీ కొట్టం కాడికొస్తాది. తిని పోనీండి."

తర్వాత నా వైపు తిరిగాడు. "ఈ మాట నిన్న చెప్పింటే పొద్దుగూకక ముందే ఇంటికి తోలుకొని పోయింటి సార్," అన్నాడు. గొంతు పెంచలేదు.

పులి మరో రెండు రోజులు వచ్చి తిని పోయింది. మూడో రోజు అడుగులు వంక వెంట తూర్పుకు సాగాయి. ఆ తర్వాత మా రేంజిలో దాని జాడ లేదు. ట్రాక్టర్లన్నీ పెద్ద రైతుల చేలల్లో ఉండి, కుళ్లాయప్ప వంతు వచ్చేసరికి పదును ఆరిపోయింది. పరిహారం ఆలస్యంగా వచ్చింది. ఆ ఏడు అతని చేను బీడుగా ఉండిపోయింది.

వేటగాడి దగ్గర దాచవలసిన సంగతే, పులి పక్కన బతికే మనిషికి అందరికంటే ముందు చెప్పాలి. పద్ధతి ప్రకారం రెండు ఎద్దుల చావుకూ కారణం పులి అని పంచనామాలో రాసి సంతకం పెట్టాను. మొదటిదాని విషయంలో అది నిజం.