గట్టు మీది పుదీనా

నల్లపాడులో చిన్ననాటి స్నేహితుడి ఇంట జిన్నులో నిమ్మరసం, నలిపిన ఆకులు కలిపే పని నాదే. ఆ సాయంత్రం తులసి వేస్తానంటే వాడి భార్య తులసికోటను ముట్టనివ్వలేదు. మూఢనమ్మకమని వాదించి, చివరికి పెరటి వెనుక మిరపచేను గట్టు మీది పుదీనా కోసుకొచ్చాను.

వాడు సగం గ్లాసు తాగాక ఆమె అడిగింది.

"ఆ పుదీనా ఎక్కడిది అన్నయ్యగారూ?"

"గట్టు మీదిదమ్మా."

"పొద్దున్నే చేనుకి పురుగుమందు కొట్టించాం. కడిగారా?"

కడగలేదు.

"తులసి ఇవ్వలేదని నన్ను చంపుతావేంట్రా?" అని వాడు నవ్వాడు. నేను గ్లాసు లాక్కుని వాణ్ణి బండెక్కించాను.

ఆస్పత్రిలో డాక్టరు పురుగుమందు పేరు అడిగితే ఆమె ఖాళీ డబ్బా చూపించింది. భయం అజ్ఞానమని వేదికల మీద చెప్పేవాణ్ణి. ఆ రోజు నా భయమంతా తెలిసినదాని గురించే. ప్రమాదం లేదని డాక్టరు తేల్చేదాకా వాడి మణికట్టు వదల్లేదు.